ఏడూ ఇరవై బస్సూ, మా ఇంటి ఆమేనూ

1971 నుంచి 1978 దాకా, అంటే ఏడేళ్ల పాటు, మా ఇంట్లో బడి ఉన్న ప్రతి రోజూ పొద్దుటి నాష్టా అందరం ఒక్క బల్ల దగ్గర, ఒక్క ప్రార్థన తర్వాత, ఒక్కసారిగా తిన్నాం. ఆళ్లగడ్డలో ఇట్లాంటి ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించండి. ఈ మాట నేను పెళ్లిళ్లలో చెప్పాను, మా చర్చి సంఘం కూటాల్లో చెప్పాను, నంద్యాలలో మైకు పట్టుకొని కూడా చెప్పాను. ఇందులో ఒక తప్పు ఉందని నాకు 1978 నవంబరులో తెలిసింది. ఆ తప్పు మణెమ్మ విషయంలో జరిగింది. మణెమ్మ నా భార్య. ఈ రాత ఆమె గురించే. కాకపోతే ఆమె ఏం చేసిందో తెలియాలంటే ముందు నేను ఏం సాధించానో తెలియాలి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

నా పేరు పరంజ్యోతి. దొర్నిపాడు పక్కన మా పల్లెలో ఐదో తరగతి వరకు చదివాను. ఆ బడిలో ఐదుకు పైన తరగతి లేదు. ఉండుంటే ఆగేవాణ్ని కాదు. కేసీ కెనాలు మీద లస్కరుగా చేరాను. తూముల తలుపులు ఎత్తడం, దించడం, కాలువలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గేజీ రాతి మీది గీతలు చూసి పుస్తకంలో రాయడం లస్కరు పని. చెప్పుకుంటే చిన్న పనే. కానీ 1972 కరువులో చివరి ఆయకట్టుకు నీళ్లు చేర్చింది ఎవరని దొర్నిపాడు రైతులను అడగండి. పై రైతులు తూములకు గోనెసంచులు అడ్డం పెడితే పీకి పారేశాను. చిట్టచివరి మడి తడిసేదాకా కట్ట దిగలేదు. తల దగ్గర ఉన్నవాడు ఎట్లాగైనా తాగుతాడు, తోక దగ్గర ఉన్నవాణ్ని చూడటమే నీటి మనిషి పని అని ఇంజనీరు గారి ముందే చెప్పాను. ఆయన తల ఊపారు.

ఇంకొకటి కూడా రాయాలి. ప్రతి రోజూ ఉదయం ఎనిమిది గంటలకు గేజీ చూసి, లాకు దగ్గరి ఫోనులో నంద్యాల ఆఫీసుకు లెక్క చెప్పాలి. ఇరవై రెండేళ్లలో నేను ఒక్క రోజు కూడా తప్పలేదు. జ్వరం వస్తే గొంగడి కప్పుకొని పోయాను. అక్కడ ఫోను ఎత్తే గుమాస్తా, "ఆ, పరంజ్యోతీ, ఎనిమిదయిందా?" అని నన్నడిగి తన గడియారం దిద్దుకునేవాడు.

ఇక బల్ల సంగతి. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాయనతో కలిసి జొన్నచొప్ప బండి తోలుకొని నంద్యాల పోయాను. ఒక మిషను బంగళాలో చొప్ప దించాలి. పొద్దున్నే చేరుకున్నాం. కిటికీలోంచి చూస్తే లోపల దొర, దొరసాని, ముగ్గురు పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చొని కళ్లు మూసుకొని ఉన్నారు. దొర ఏదో చెప్పాడు. అందరూ కళ్లు తెరిచి ఒకేసారి తినడం మొదలుపెట్టారు. మా ఇంట్లో అట్లా ఉండేది కాదు. మా నాయన సంగటి ముద్ద గుడ్డలో మూటగట్టుకొని చేనికి పోయేవాడు. నేను బడికి నడుస్తూ తినేవాణ్ని. మా అమ్మ ఆదెమ్మ ఎప్పుడు తినేదో ఎవరూ చూడలేదు. "చొప్ప దించురా, ఆ కిటికీలో ఏముండాది?" అని నాయన గదమాయించాడు. ఏముందో ఆయనకు చెప్పలేదు. నా ఇంట్లో ఇట్లాగే జరగాలని మాత్రం అక్కడే తీర్మానం చేసుకున్నాను. దొరసాని కూర్చొని ఉంటే వడ్డించింది ఎవరని నాకు ఆ వయసులో తట్టలేదు. తర్వాత ముప్పై ఏళ్లు కూడా తట్టలేదు.

1971లో మా సెక్షనులో పాత తూము తలుపులు తీసేసి ఇనుపవి పెట్టారు. పాతవి మంచి టేకు పలకలు. వాటిని వేలంలో పాడుకొని, వడ్లాయనను ఇంటికి పిలిపించి బల్ల చేయించాను. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన చెక్క కాబట్టి ఎండాకాలంలో కూడా దాని దగ్గర కూర్చుంటే కాలువ వాసన వచ్చేది. దానికి ఐదు స్టూళ్లు. ఒకటి నాకు, ఒకటి మా అమ్మకు, ఒకటి పెద్దకొడుకు యాకోబుకు, ఒకటి కూతురు దేవమ్మకు. మత్తయి అప్పటికి చంకబిడ్డ. అయినా ముందుచూపుతో వాడికి కూడా ఒకటి చేయించాను. ఇంత ముందుచూపు ఉన్న తండ్రులు మా వీధిలో తక్కువ.

నియమం ఒక్కటే. నేను కాలువ దగ్గరినుంచి ఏడుకు వస్తాను. ఏడూ ఐదుకు అందరూ బల్ల దగ్గర ఉండాలి. ప్రార్థన అయ్యి ఆమేన్ అన్నాకే వడ్డన, ఆ తర్వాతే నోట్లో ముద్ద. ప్రార్థన నేనే చేసేవాణ్ని. పై ఇంజనీరు మొదలు కింది మేస్త్రీ దాకా, లాకులు, తూములు, చివరి ఆయకట్టు రైతులు, సంఘంలో మంచం పట్టినవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, ఎవరినీ వదిలేవాణ్ని కాదు. పదకొండు నిమిషాలు పట్టేది. మణెమ్మ లెక్కలో ఒక వాయి ఇడ్లీ.

మణెమ్మది చాగలమర్రి. నాకంటే ఎక్కువ చదువుకుంది. ఎనిమిది పాసై, నంద్యాలలో టీచరు ట్రైనింగు చేసింది. ఈ సంగతి నేను ఎప్పుడూ దాచలేదు. అడగనివాళ్లకు చెప్పలేదు, అంతే. మా పెళ్లి 1961లో అయింది. పదిహేనేళ్లు ఆమె ట్రైనింగు సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద పడి ఉంది. 1976 నవంబరులో చాగలమర్రి దారిలో ఒక పల్లె బడిలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు పని చూసి, నచ్చితే ఖాయం చేస్తామన్నారు. ఎనిమిదిన్నరకు బడి గంట. అందుకోవాలంటే మా ఇంటి ముందరి వంతెన దగ్గర ఏడూ ఇరవై బస్సు పట్టుకోవాలి, దిగినాక మైలున్నర నడవాలి. అది తప్పితే మళ్లీ బస్సు ఎనిమిదిన్నరకే.

మొదటి నెలలోనే రెండుసార్లు బస్సు తప్పింది. తప్పదూ మరి? ఏడూ పదహారుకు ఆమేన్. ఆ తర్వాత వేడివేడిగా ఐదుగురికి వడ్డించాలి. అప్పటికే దేవమ్మ జడకు రిబ్బను కట్టాలి, యాకోబు చొక్కాను నిప్పులు పోసిన చెంబుతో రుద్దాలి, మత్తయి బలపం వెతకాలి. బడి కరస్పాండెంటు గారు చీటీ పంపారు. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర లేదని అందులో ఉంది. మణెమ్మ ఆ చీటీ తెచ్చి నా ముందర బల్ల మీద పెట్టింది.

"యాకోబు నాయనా, ప్రార్థన రోంత కుదించుకోరాదా? బస్సు పోతాంది."

"ఏందీ? దేవుని కాడ తొందరపడమంటావా? నువ్వే బేగా లేయి."

"నాలుగ్గంటలకు లేస్తాండా."

"మూడున్నరకు లేయి."

ఆమె చీటీ మడిచి రవికెలో పెట్టుకుంది. "సరేలే" అంది.

ఆ మర్నాటి నుంచి ఒక్కరోజు కూడా బస్సు తప్పలేదు. ప్రార్థన అదే పదకొండు నిమిషాలు, నాష్టా అదే బల్ల మీద, మణెమ్మ ఏడూ ఇరవై బస్సులో. అరగంట ముందు లేవడంలో ఇంత మహిమ ఉందని నేను మా లాకు దగ్గర లస్కర్లందరికీ చెప్పాను. చాలామంది తమ భార్యలకు చెప్పారు కూడా. వాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో నాకు తెలియదు.

పిల్లలు బల్ల దగ్గర మితంగా తినేవాళ్లు. నా ముందు మూడు దోసెలు ఉంటే వాళ్లు ఒక్కోటి తుంచుకుంటూ కూర్చునేవాళ్లు. అది నా క్రమశిక్షణ అనుకున్నాను. వడ్డన దేవమ్మ చేసేది. ఆడపిల్లకు పని అబ్బుతోందని సంతోషించాను.

1978 అక్టోబరులో నంద్యాలలో సంఘాల కూటం జరిగింది. కుటుంబ భోజనం, కుటుంబ ప్రార్థన అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు, నలభై మాట్లాడాను. బల్ల గురించి, పలకల గురించి, ఆమేన్ గురించి చెప్పాను. ముందు వరసలో జకరయ్య గారు కూర్చొని విన్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. సంఘాల్లో కుటుంబాల మంచిచెడ్డలు ఆయనే చూసేవారు. కూటం అయినాక నా భుజం తట్టి, "పరంజోతీ, చెప్పేది బాగుండాది. చూడాల గదప్పా. వచ్చే నెల నేను ఆళ్లగడ్డకు వస్తాండా. గురువారం మీ ఇంట్లోనే నాష్టా" అన్నారు.

అది ఎంత గౌరవమో చెప్పనక్కర లేదు. ఇంటికొచ్చి కారం దోసెలు, కోడికూర అని ఆజ్ఞ వేశాను. ఆ గురువారానికి ముందురోజు మణెమ్మ వచ్చి నిలబడింది.

"గురువారంతో ఇంగ తొమ్మిది దినాలే ఉంటాయి. రెండేండ్లు అయిపోతాయి."

"తెలుసులే."

"ఆ పొద్దు నేనేం చేయాల?"

"రోజూ ఏం చేస్తాండావో అదే చెయ్యి" అన్నాను.

"నువ్వే అంటివి సుమా" అంది. నేను అంతగా పట్టించుకోలేదు.

గురువారం జకరయ్య గారు వచ్చేసరికి ఏడూ పది. రైల్వే మనిషికి ఆలస్యం ఇష్టముండదు, "మీ వీధి కనుక్కునేలోపల ఐదు నిమిషాలు పోయె" అని విసుక్కుంటూనే కూర్చున్నారు. ఆయనకు మత్తయి స్టూలు ఇచ్చాం. మత్తయి అక్క స్టూలు మీద సగం ఎక్కాడు. మణెమ్మ దోసెల గిన్నె తెచ్చి పెట్టి, మూతవేసి, వంటింటి గడప దగ్గర కొంగు తల మీదికి లాక్కొని నిలబడింది.

ఇంటికి పెద్దాయన వస్తే ప్రార్థన ఆయనకే అప్పగించడం మా సంఘాల్లో మర్యాద. నేను ఆ మర్యాద పాటించాను. "పెద్దయ్యా, మీరే చేయండి" అన్నాను. వంటింటి గడప దగ్గర గాజులు గలగలమన్నాయి. అందరం కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, ఈ ఇంటికీ ఈ తిండికీ స్తోత్రం. ఆమేన్" అన్నారు జకరయ్య గారు.

అంతే. జెండా ఊపినంత సేపు కూడా పట్టలేదు. నేను ఇంకా ఊపిరి పీల్చుకుంటున్నాను. కళ్లు తెరిచాను. మా అమ్మ ఆదెమ్మ కళ్లు తెరవకుండానే "ఆమేన్" అంది. వెంటనే గొంతు సన్నం చేసి ఇంకోసారి "ఆమేన్" అంది. ఆ రెండో గొంతు నాకు బాగా తెలుసు. రెండేళ్లుగా రోజూ వింటున్న మణెమ్మ గొంతు అది.

మణెమ్మ మాత్రం వంటింటి అవతల, పెరటి వాకిలి దగ్గర ఉంది. భుజానికి సంచి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చెప్పులు. ఒక కాలు గడప బయట. మా అందరి కళ్లూ ఆమె మీద పడ్డాయి. చప్పుడు కాకుండా వేసుకుందామని చేత్తో పట్టుకున్న చెప్పుల్లో ఒకటి జారి కింద పడింది.

"యాడికి పోతాండావ్?" అన్నాను.

"బడికి."

"ఆమేన్ అనకముందేనా?"

"రెండేండ్లనుంచీ అంతే గదరా!" అని మా అమ్మ అందుకుంది. "నువ్వు కండ్లు మూసుకుంటావు, అది పోతాది. దాని ఆమేన్ గూడా నేనే అంటాండా. నా గొంతు పోతాంది రోజూ."

జకరయ్య గారు దోసె తుంచబోయి ఆగారు. పిల్లలు పళ్లాల్లోకి చూస్తున్నారు. "ఏం నాయనా, తినవా?" అని మత్తయిని అడిగారు. మావాడికి ఎనిమిదేళ్లు. అబద్ధం చెప్పే వయసే గానీ, ముందుగా ఎవరూ నేర్పలేదు.

"తినేసినాం. అమ్మతో కుంపటి కాడ. ఆరుంబావుకు."

"అందరూనా?"

"ఆ. అవ్వ గూడా. నాయన కాలువ కాడికి పోతాడు గదా, అప్పుడు."

వీడు ఇంకా ఏమి చెబుతాడో అని యాకోబు వాడి కాలు తొక్కాడు. నాకు చెవుల్లో నీళ్లు పోసినట్టయింది. నంద్యాలలో నలభై నిమిషాలు మాట్లాడిన నోరు. ఆ నోటితో అప్పుడు నేను అన్న మాట ఇది: "లోపలికి రా. కూచో. అందరితో తిని పో."

మణెమ్మ గదిలోకి వచ్చింది. బల్ల చుట్టూ ఒకసారి చూసింది.

"యాడ కూచోవాల?"

ఐదు స్టూళ్లు. ఒకదాని మీద ఇద్దరు పిల్లలు. నేను లెక్కపెట్టాను. ఏడేళ్లలో మొదటిసారి లెక్కపెట్టాను. నీటి లెక్కలో అరంగుళం తేడా వస్తే పట్టుకునేవాణ్ని. ఆమెకు స్టూలు లేదు కాబట్టి, ఆమె లేకపోతే ఖాళీ స్టూలు కనపడేది కాదు. రెండేళ్లు ఆమె లేకుండా కుటుంబమంతా కలిసి తింటున్నామని నేను ఊరంతా చెప్పాను.

జకరయ్య గారు తన స్టూలు మీదినుంచి లేచారు. "కూచో చెల్లీ" అన్నారు. అప్పుడే వంతెన దగ్గర హారను మోగింది. మణెమ్మ పెరటి వాకిలి వైపు రెండడుగులు వేసింది. బస్సు కదిలిన చప్పుడు వినపడగానే ఆమె ఆగింది. జకరయ్య గారు లేచి ఇచ్చిన స్టూలు ఉండగానే పోయి గడప మీద కూర్చుంది.

"తొమ్మిది దినాలే ఉండె" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులభంగా ఉండేది, ఓదార్చేవాణ్ని.

నేను గోడ గడియారం చూశాను. ఏడూ ఇరవై రెండు. మా అమ్మ నన్ను చూస్తోంది.

"ఒరే, నీ సైకిలుండాది గదరా. కట్ట మీద పోతే రోడ్డు కంటే దగ్గర."

"ఎనిమిదికి గేజీ ఉండాదమ్మా. ఇరవై రెండేండ్లుగా..."

"ఇరవై రెండేండ్లు చూసినావు గదా ఆ రాయిని. యాడికీ పోదులే."

జకరయ్య గారు గొంతు సవరించుకున్నారు. "పరంజోతీ, నేను ముప్పై ఏండ్లు గార్డుగా చేసినా. జెండా ఊపకముందు ప్లాటుఫారం ఈ కొసనుంచి ఆ కొస దాకా చూసుకోవాల. ఎవరు ఎక్కినారు, ఎవరు ఎక్కలేదు. నువ్వు కండ్లు మూసుకొని ఊపినావు గదప్పా జెండా."

పెద్దాయన మాటకు ఎదురు చెప్పకూడదు. సైకిలు తీశాను. 

కాలువ కట్ట మీద జీపుదారి ఉంది. అది మా శాఖ వాళ్లకే. ఇతరులు ఎక్కితే నేనే దింపేవాణ్ని. ఆ రోజు వెనకాల మణెమ్మను, ఆమె సంచిని, గొడుగును ఎక్కించుకొని తొమ్మిది మైళ్లు తొక్కాను. నాకు అప్పుడు నలభై నాలుగేళ్లు. ఈ కాలం పిల్లలను తొక్కమనండి చూద్దాం.

రెండు మైళ్లు దాటాం. తర్వాత నేనే అన్నాను.

"రెండేండ్లు నన్ను మోసం చేసినావు."

"మోసం యాడ? నువ్వు కండ్లు మూసుకుంటివి, నేను పోతి. కండ్లు మూసుకోమని నేను చెప్పినానా?"

"మరి కుంపటి కాడ తినేది?"

"పిల్లోళ్లకు ఆరుంబావుకే ఆకలయితాది. నీ ఇంజనీర్లంతా అయ్యేదాకా ఆగుతాదా వాళ్ల కడుపు?"

"ఏం తింటారు?"

"ఏదుంటే అది. బొరుగుల ఉగ్గాని. సద్దిసంగటి, ఎర్రగడ్డ. మత్తయి చెప్పే బడి కథలకు మీ అమ్మ నగలేక పొలమారతాది."

"నువ్వు గూడా కూచుంటావా?"

"కూచోకుండా ఎట్ల తింటారు?" అంది, ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలియనట్టు.

ఆ తర్వాత నేను కొంచెం గట్టిగా తొక్కాను. నీళ్లు నిండుగా పారుతున్నాయి. ఎనిమిది గంటలకు మేము ఎక్కడున్నామో నాకు బాగా గుర్తుంది. ఒక చిన్న తూము దగ్గర ఉన్నాం. అక్కడ గేజీ లేదు. నంద్యాలలో గుమాస్తా ఫోను వైపు చూస్తూ ఉంటాడని తలచుకున్నాను.

బడి దగ్గరికి చేరేసరికి ఒక అమ్మాయి రైలుపట్టా ముక్క మీద గంట కొట్టడానికి ఇనుపకడ్డీ ఎత్తింది. మణెమ్మ దూకి, చెప్పులు వేసుకొని, కొంగు సర్దుకొని లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు. నేను గోడ పక్కన సైకిలుకు ఆనుకొని ఒగరుస్తూ నిలబడ్డాను. ఆమె వరండా ఎక్కగానే నలభై మంది పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆమె చేయి ఊపితే ఒక్కసారిగా కూర్చున్నారు. ఇరవై రెండేళ్లలో నా తూము తలుపు ఒక్కటి కూడా అంత చప్పుడు లేకుండా దిగలేదు.

ఆ రోజు గేజీ రీడింగు తొమ్మిదీ ముప్పావుకు చెప్పాను. గేజీ పుస్తకంలో ఎర్రసిరా పడింది. ఆలస్యానికి సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. నాకు అబద్ధాలు రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాశాను: "మా గృహమునకు వచ్చిన పెద్దలు ప్రార్థన క్లుప్తముగా ముగించినందువలన సదరు రీడింగు ఆలస్యమైనది." ఇంజనీరు గారు పిలిపించి మూడుసార్లు చదివారు. "ఇదేందయ్యా పరంజ్యోతీ, ప్రార్థన తొందరగా అయితే నువ్వు తొందరగా రావాల గదా?" అన్నారు. మొత్తం చెప్పాను.  ఆ తర్వాత ఆయన ఇంట్లో ఎన్ని కుర్చీలున్నాయో ఎవరినో అడిగినట్టు విన్నాను. రూఢిగా తెలియదు.

తొమ్మిది రోజులు గడిచాయి. మణెమ్మ ఉద్యోగం ఖాయమైంది. ఉత్తర్వు తెచ్చి, సర్టిఫికెట్టుతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టింది, ఈసారి పట్టుచీర పైన. తర్వాతి నంద్యాల కూటంలో జకరయ్య గారు తాను చూసిన ఒక కుటుంబం గురించి మాట్లాడారు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర కూడా లేదు, అందరూ నా వైపే తిరిగారు. నేను గోడ మీది నోటీసులు చదివాను.

నేను తప్పు తెలుసుకుంటే దిద్దుకునే మనిషిని. అదే వారంలో వడ్లాయనను పిలిచి ఆరో స్టూలు చేయించాను. మణెమ్మ దాని మీద రెండు పొద్దులు కూర్చుంది, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మూడో పొద్దు చూస్తే స్టూలు వంటింట్లో ఉంది, దాని మీద నీళ్లబిందె ఉంది. ఎత్తు సరిగ్గా సరిపోయిందని మా అమ్మ మెచ్చుకుంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. కాలువ దగ్గరికి అరగంట ముందు పోవడం మొదలుపెట్టాను. అంటే మూడున్నరకు లేచాను. అరగంట ముందు లేవడంలో మహిమ ఉందని నేనే గదా చెప్పింది. కాలువ పని కూడా గబగబా ముగించుకొని ఆరూ పదికి ఇంటికి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. కుంపటి చుట్టూ నేల మీద అందరూ కూర్చొని ఉన్నారు. నడుమ ఉగ్గాని పళ్లెం. మా అమ్మ నవ్వుతోంది. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయింది. ఏడేళ్లు నా బల్ల దగ్గర నేను విన్న నిశ్శబ్దం ఎటువంటిదో నాకు అప్పుడర్థమైంది.

"జరుగురా మత్తయీ, నాయన కూచుంటాడు" అంది మణెమ్మ.

వాడు మూరెడు జరిగాడు. కూర్చున్నాను. కళ్లు మూసుకోబోతుంటే దేవమ్మ మెల్లగా, "నాయనా, ప్రార్థన మేం చేసేసినాం" అంది. సరేనని తిన్నాను. కాసేపటికి మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆ ఒక్క నెలలో నాకు తెలిసినవి ఇవి: యాకోబుకు లెక్కలంటే వణుకు, దేవమ్మకు నర్సు ట్రైనింగు మీద ఆశ, మత్తయి పక్కింటి పిల్లవాడి బలపాలు తింటాడు, మా అమ్మకు కారం పడదు, ముప్పై ఏళ్లుగా పడదు. ఏడేళ్ల ప్రార్థనల్లో ఈ నలుగురి కోసం నేను అడిగినవి వేరే.

తూము పలకల బల్ల మీద తర్వాత పిల్లలు హోంవర్కు చేశారు. ఆరేళ్లు పోయాక, 1984లో, మణెమ్మకు ఆళ్లగడ్డలోనే బడి మారింది. ఇంటినుంచి ఐదు నిమిషాల నడక. యాకోబు, దేవమ్మ చదువులకు నంద్యాల పోయారు. ఇంట్లో మత్తయి ఒక్కడే బడికి పోయేవాడు, తొమ్మిదో తరగతి. ఒక పొద్దున కుంపటి దగ్గర మణెమ్మ నా పళ్లెంలో ఉగ్గాని పెట్టి, పప్పులపొడి చల్లి, "ఇంగ నాకు బస్సు లేదు. నీ పాత ప్రార్థన చెయ్యి ఈ పొద్దు, చూద్దాం" అంది.

సంతోషంగా మొదలుపెట్టాను. ఇంజనీర్లు అయ్యారు. మేస్త్రీలు అయ్యారు. లాకుల దగ్గరికి వచ్చేసరికి నాకు ఏదో అనుమానం వచ్చింది. చుట్టూ చప్పుడు లేదు. ఒక కన్ను తెరిచాను.

మణెమ్మ అక్కడే ఉంది. ఆమె కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది.

"ఏందీ?" అంది.

"గేజీ చూసుకుంటాండా."

"చూసింది చాల్లే. ఆమేన్ అను. పిల్లోనికి బడి టైమయితాంది."